అమ్మాయి సైకిలుకి పెడల్ రాడ్లు ఎంచిన వారం

మా అమ్మాయి మోకాలు బాగానే ఉంది. ఈ మాట ముందు చెప్పేస్తే గాని మిగతాది నేను కుదురుగా చెప్పలేను. నేను చెబుతుంటే మా చర్చి పంతులమ్మగారు రాస్తున్నారు. మొదటి నుంచి చెప్పమని ఆవిడ అన్నారు. నాకు అంకెలు బాగా వచ్చు, అక్షరాలు మాత్రం కూడబలుక్కోవాలి. అందుకని రాసే పని ఆవిడకి వదిలేశాను, ఎక్కడ మొదలుపెట్టాలన్నది నా ఇష్టానికి వదిలెయ్యమన్నాను.

జగ్గయ్యపేటలో మాది సైకిల్ షాపు. మా ఆయన ఉన్నప్పుడు నేను మిరపకోతలకి వెళ్ళేదాన్ని, పని లేని రోజుల్లో షాపులో కూర్చుని పంచర్లు వేసేదాన్ని. ఆయన పోయేనాటికి మా అమ్మాయి ఏడో తరగతి. షాపు ఎవరికన్నా ఇచ్చెయ్యమని చెప్పినవాళ్ళే అంతా. ఆడమనిషి దగ్గరికి సైకిలు ఎవరు తెస్తారన్నారు. తెచ్చారు. మొదట్లో నన్ను పరీక్ష చెయ్యటానికి తెచ్చారు, తరవాత పని నచ్చి తెచ్చారు.

ఇప్పుడు సైకిళ్ళు తగ్గిపోయాయి గాని బరువు సైకిళ్ళు ఇంకా ఉన్నాయి. బిందెలు అమ్మేవాళ్ళు, పాత ఇనుము కొనేవాళ్ళు, చాపలు కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు నా దగ్గరికే వస్తారు. ఆ సైకిళ్ళకి మా షాపులో ఒక పద్ధతి ఉంది. పెడల్‌ని మోసే ఇనప రాడ్లు ఉంటాయి చూడండి, సైకిలుతో వచ్చేవి ఆరున్నర అంగుళాలు. వాటిని పీకేసి ఏడంగుళాలవి వేస్తాం. రాడ్డు పొడుగైతే కాలికి పట్టు ఎక్కువ, బరువు మీద చక్రం తొందరగా కదులుతుంది. మా వైపు దారులన్నీ ఎత్తుపల్లాలు. ఏడంగుళాల రాడ్లు వేయించుకున్నవాడు మళ్ళీ పొట్టివి అడగడు. ఆయన నాకు నేర్పిన పనుల్లో నాకు బాగా నమ్మకం కుదిరింది ఆ ఒక్కటే.

మా అమ్మాయి నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. వారమంతా అక్కడే గదిలో ఉంటుంది. దాని ప్రాణమంతా రోడ్డు సైకిలు మీద. టైర్లు నా బొటనవేలంత సన్నం, హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లాగా వంగి ఉంటుంది. తెల్లారకముందే హైవే మీదకి వెళ్ళి చిల్లకల్లు టోల్‌గేటు దాకా తొక్కి వచ్చి, అప్పుడు స్కూలుకి వెళుతుంది. జిల్లా పోటీల్లో రెండు పతకాలు తెచ్చింది.

ఆ సైకిలు మూడేళ్ళ కిందట విజయవాడలో పాతది కొన్నాం. పెడల్ రాడ్లు, వాటి మధ్య పళ్ళచక్రం, అవన్నీ కలిపి క్రాంక్‌సెట్ అంటారు. ఆ సైకిలుకి అది లేదు. అమ్మినాయన ఒక అట్టపెట్టె నిండా పాత క్రాంక్‌సెట్లు ముందు పెట్టి ఏది కావాలో తీసుకోమన్నాడు. మా అమ్మాయి నా మొహం చూసింది. నేను సంచిలోంచి టేపు తీసి అన్నీ కొలిచి, అన్నిట్లోకీ పొడుగైంది తీశాను. నూట డెబ్భై ఐదు మిల్లీమీటర్లు. కింద పెడల్ దగ్గర కాలు అందకపోతే సీటు కొంచెం దించాను. నా కూతురు ఐదడుగులు కూడా లేదు. పొట్టి పిల్లకి పొడుగు రాడ్డు సాయం చేస్తుందనుకున్నాను.

పోయిన వేసవిలో నొప్పి మొదలైంది. మొదట మెట్లు ఎక్కేటప్పుడు అన్నది. తరవాత కూర్చుని లేచేటప్పుడు. మోకాలి చిప్ప కింద సూది గుచ్చి తిప్పినట్టు ఉంటుందని చెప్పేది. నేను ఆవాల కట్లు కట్టాను, వేడినీళ్ళు పోశాను, ప్రార్థన చేయించాను. దసరా సెలవులకి వచ్చినప్పుడు కింద కూర్చుని అన్నం తినటం మానేసింది. స్టూలు మీద కంచం పెట్టుకుని తింటుంటే నా కంచం నేను పక్కకి జరిపేశాను.

నందిగామలో ఎముకల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఫోటో తీయించి, కాలు మడిచి, చాచి చూశారు.

"ఎముక ఇంకా అరగలేదమ్మా. చిప్ప కింద ఒరుసుకుంటోంది. ఇట్లాగే తొక్కితే మాత్రం అరిగిద్ది. నెల తరవాత రండి. అప్పటికీ తగ్గకపోతే సైకిలు మానెయ్యటమే," అన్నారు.

మా అమ్మాయి నేల చూస్తూ కూర్చుంది. ఇంకో నలభై రోజుల్లో రాష్ట్ర జట్టుకి ఎంపిక ఉంది. దాని గురించి డాక్టరుగారికి చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

"తొక్కేటప్పుడు మోకాలు ఎంతవరకు మడత పడిద్ది?" అని అడిగారాయన.

"సైకిలు నేనే సెట్ చేశానండి. పొడుగు రాడ్లు వేసి, సీటు కాలికందేట్టు దించా. సైకిల్లో ఏ లోపమూ లేదు," అన్నాను.

సైకిళ్ళ గురించి ఆయనకేం తెలుసు. తల ఊపి మందులు రాశారు. నేను చాలా గట్టిగా చెప్పాను ఆ మాట. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అదే వారంలో స్కూలు కరస్పాండెంటుగారు మా అమ్మాయిని పిలిచి, పతకాలు తెచ్చినందుకు సైకిలుకి ఏం కావాలో చెప్పమన్నారట. మంచి క్రాంక్‌సెట్ అడిగింది. తేలిక రాడ్లు వేస్తే మోకాలి మీద భారం తగ్గుతుందని దాని ఆశ. విజయవాడ షాపాయన రెండు రకాలున్నాయని, రెండూ బస్సులో పార్సిలు వేస్తానని, శనివారం సాయంత్రంలోగా ఒకటి ఉంచుకుని ఒకటి వెనక్కి పంపమని చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం జగ్గయ్యపేట బస్టాండుకి వెళ్ళి పెట్టెలు నేనే తెచ్చుకున్నాను. అమ్మాయి ఆ సాయంత్రం వచ్చింది.

ముందు నల్లది విప్పాం. కార్బన్ అంట. ఒక్క రాడ్డు చేతిలో పెట్టుకుంటే అట్లకాడ పట్టుకున్నట్టే ఉంది. ఇనుము తప్ప ఎరగని చెయ్యి కదా నాది, నమ్మబుద్ధి కాలేదు. వేలుతో కొట్టి చూశాను, చెక్కలాగా మోగింది. దాని లోపల ఒక మీటరు ఉంది. కాలు ఎంత బలంగా తొక్కుతోందో హ్యాండిలు మీద పెట్టుకునే చిన్న తెర మీద అంకెలు చూపిస్తుందట. పెద్ద పోటీల్లో తొక్కేవాళ్ళందరూ ఆ అంకెలు చూసుకునే తొక్కుతారని చెప్పింది.

రెండోది వెండిరంగు. అల్యూమినియం. లోపల బోలుగా చేశారు గాని నల్లదానికంటే బరువు. మీటరూ లేదు, ఏమీ లేదు. పళ్ళచక్రం మాత్రం ఎంత సాఫీగా కోశారంటే, ఒక పన్నుకి సుద్ద పెట్టి వరసగా లెక్కపెడుతుంటే వేలికి ఎక్కడా గరుకు తగల్లేదు. పెద్ద చక్రానికి యాభై పళ్ళు. నల్లదానికి యాభై రెండు.

"రాడ్డు పొడుగెంత?" అని అడిగాను.

"నల్లది నూట డెబ్భై రెండున్నర. ఇది నూట అరవై ఐదు."

"అయితే ఇక చూసేదేముందే. ఇది పిల్లల సైకిలుకి వేసేట్టుంది. నల్లది ఉంచుకో."

"నేనూ అదే అనుకుంటున్నానమ్మా," అన్నది. నల్లదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ పూటంతా తుడుస్తూనే ఉంది.

అట్లా ఇద్దరం కలిసి తప్పు వైపే నిలబడ్డాం. పొద్దున వెండిది పార్సిలు కడదామనుకున్నాం.

శనివారం పొద్దున షట్టరు తీసేసరికి బిందెలాయన వచ్చి ఉన్నాడు. పదేళ్ళ నుంచి వస్తాడు. పొద్దున లోడు కట్టుకుంటే సైకిలు కనపడదు, రంగురంగుల ప్లాస్టిక్ బిందెల గుట్ట ఒకటి రోడ్డు మీద నడిచి వెళుతున్నట్టుంటుంది. పోయినేడు ఏడంగుళాల రాడ్లు నేనే వేశాను. పెడల్ ఊగుతోందని వచ్చాడు. బల్ల మీద నల్లది చూశాడు.

"ఇదేందక్కా, తాటిమట్ట తగలబెట్టినట్టుంది."

"మా అమ్మాయి సైకిలుదన్నా. నీ సైకిలు, నా సైకిలు, ఈ షాపు కలిపి అమ్మినా రాదు."

"అంత పెట్టి కొని మళ్ళీ తొక్కాల్సిందేగా," అన్నాడు.

మా అమ్మాయి లోపల నుంచి కిసుక్కున నవ్వింది. నేను పెడల్ బిగించి, ఒకసారి తొక్కి చూసుకోమన్నాను. మా షాపు ముందు రోడ్డు కొంచెం ఎత్తు. ఆయన బిందెలతో సహా ఎక్కి, రెండు పెడళ్ళ మీద లేచి నిలబడి, ఒంటి బరువంతా ఒక్కొక్క కాలి మీద వేస్తూ, ఊగుతూ ఎక్కించాడు. పదేళ్ళుగా చూస్తున్నదే. ఆ రోజు ఎందుకో నా చూపు ఆయన సీటు మీద పడింది. సీటుకి గోనెపట్టా చుట్టి ఉంది, దాని మీద దుమ్ము. మనిషి కూర్చున్న జాడ లేదు.

ఆయన తిరిగొచ్చాక అడిగాను. "అన్నా, నువ్వు అసలు కూర్చుని తొక్కుతావా?"

"బిందెలేసుకుని కూర్చుంటే బండి కదిలిద్దా అక్కా? ఎక్కేటప్పుడు నిలబడతా, దిగేటప్పుడు వదిలేస్తా. కూర్చునేది టీకొట్టు దగ్గరే."

"పొడుగు రాడ్ల మీద కూర్చుని తొక్కితే ఎట్లా ఉంటది?"

"ఖాళీ బండి మీద ఒకసారి ఊరికి పోయా. మోకాళ్ళు గడ్డానికి తగిలినియ్యి. మళ్ళీ పోలా," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను స్పానరు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పొడుగు రాడ్డు మంచిదే. ఎవరికి? నిలబడి తొక్కేవాడికి. కాలు చాచి ఒంటి బరువు దాని మీద వేసేవాడికి. నా కూతురు గంటలు గంటలు సీటు దిగదు. నిమిషానికి తొంభైసార్లు కాలు తిప్పుతుందని అదే చెప్పింది నాకు. డాక్టరుగారు అడిగిన ప్రశ్న అప్పుడొచ్చి నా ముందు నిలబడింది. మోకాలు ఎంతవరకు మడత పడిద్ది? ఆయన అడిగింది సైకిలు గురించి కాదు. నేను జవాబు చెప్పింది మాత్రం సైకిలు గురించి.

"ఒసే, ఇట్రా. సైకిలు తీసుకుని రా," అని పిలిచాను.

సైకిలు గోడకి ఆనించి దాన్ని ఎక్కి కూర్చోమన్నాను. పెడల్ పైకి తిప్పి, తొడకి పైన నా అరచెయ్యి అడ్డంగా పెట్టాను. హ్యాండిలు మీదకి వంగమన్నాను. తొడ వచ్చి నా చేతిని దాని పొట్టకి నొక్కేసింది. వేళ్ళు బయటికి తీసుకోవటానికి పెనుగులాడాల్సొచ్చింది. మోకాలు ఇరుక్కుపోయి, పక్కకి తోసుకుంటూ దాటుతోంది. ప్రతి తిప్పుకీ అంతే.

"ఎప్పుడూ ఇట్లాగే ఉంటదా?"

"ఇట్లాగే ఉంటదనుకున్నానమ్మా. రేసు సైకిలు కదా."

వెండిరంగుదాన్ని బిగించి చూడొచ్చా అని షాపాయనకి ఫోను చేశాను. గీత పడకపోతే చాలన్నాడు. పాత బేరింగుల్లోకే అది దూరింది, నల్లదానికైతే అవీ మార్చాల్సొచ్చేది. రాడ్డు చిటికెనవేలు మందం తగ్గింది కాబట్టి సీటు అంతే పైకి లేపాను. మళ్ళీ ఎక్కించి, మళ్ళీ చెయ్యి పెట్టాను. ఈసారి పెడల్ పైకొచ్చినా తొడ నా చేతికి తగల్లేదు. రెండు చిటికెనవేళ్ళ సందు ఉంది. ఒకటి రాడ్డు తగ్గినందుకు, ఒకటి సీటు లేచినందుకు. మూడేళ్ళు ఆ సందు నా కూతురి మోకాలికి లేకుండా చేసింది నేనే.

సైకిలు పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాను.

"నొప్పి నీ మోకాలిది కాదే. నేను వేసిన రాడ్లది. సీటు కూడా నేనే దించా," అన్నాను.

సైకిలు మీద నుంచే నన్ను చూస్తూ ఉంది. కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననిపించింది కూడా.

"అంటే మూడేళ్ళు నన్ను బిందెల లోడనుకున్నావన్నమాట," అన్నది.

"పొడుగైతే బలమనుకున్నా."

"నేనూ అనుకున్నాగా. పతకాలు కూడా వచ్చినియ్యి. ఆ లెక్కన నా అంత మొండిది ఇంకోటి లేదు." దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. కుడికాలు చాచుకుని కూర్చుంది. "ఏడవమాక. నీ ముక్కుకి గ్రీజైంది."

నల్లది ఇంకా బల్ల మీదే ఉంది. మా అమ్మాయి మనసు దాని మీదే ఉందని నాకు తెలుసు. తూకం వేస్తే అదే తేలిక, మీటరు ఉంది, చూడటానికి బాగుంది. నేను టేపు పెట్టి చూపించాను. పాతదానికీ దానికీ తేడా రెండున్నర మిల్లీమీటర్లు, అగ్గిపుల్ల మందం. దాన్ని వేస్తే మళ్ళీ అదే ఇరుకు. షాపాయనకి ఇంకోసారి ఫోను చేశాను.

"నల్లదే, పొట్టి రాడ్లది లేదా బాబూ?"

"ఉందమ్మా, బయటి దేశం నుంచి తెప్పించాలి. రెండు నెలలు పట్టిద్ది. అయినా అందరూ నల్లదే అడుగుతారు, మీరు వెండిది ఉంచుకుంటామంటారేంటి? మీటరు ఊరికే వదిలేస్తున్నారు."

"మా అమ్మాయి కాలు చిన్నది బాబూ."

"కాలుదేముందమ్మా, అలవాటయిద్ది."

"మూడేళ్ళు అలవాటు చేసుకుంది. అందుకే వద్దంటున్నా," అన్నాను.

రెండు నెలలు ఆగటానికి లేదు. డాక్టరుగారి గడువు నెల. మా అమ్మాయి నల్లదాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఒకసారి పళ్ళచక్రం మీద వేలు తిప్పి, తనే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. టేపు కూడా తనే అంటించింది. నాలుగు గంటల విజయవాడ బస్సులో పంపించేశాం.

ఆ తరవాత రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. సాయంత్రం కాగానే ఫోను చేసి ఎట్లా ఉందని అడిగేదాన్ని. మొదటి వారం "ఉందమ్మా" అన్నది. అది నొప్పి గురించి. రెండో వారం "ఉండీ లేనట్టు ఉంది" అన్నది. ఆ మాట పట్టుకుని నేను రోజంతా తిరిగాను. మూడో వారంలో ఒక రోజు ఫోనెత్తి, స్కూల్లో పిల్లల గొడవ ఏదో చెప్పి, కూర ఏం వండావని అడిగి పెట్టేసింది. మోకాలి సంగతి చెప్పటం మర్చిపోయింది. ఆరు నెలల్లో అది మర్చిపోవటం అదే మొదలు.

ఆ ఆదివారం పొద్దున్నే నందిగామ నుంచి తొక్కుకుంటూ జగ్గయ్యపేట వస్తానన్నది. నేను చర్చికి వెళ్ళలేదు, ఈ మాట రాస్తున్న పంతులమ్మగారికి అప్పుడే తెలుసు. షాపు ముందు నిలబడ్డాను. చిల్లకల్లు వైపు నుంచి వచ్చింది. దూరం నుంచే కాళ్ళు చూశాను. మోకాళ్ళు పక్కకి పోకుండా, తిన్నగా, కుట్టుమిషను సూదిలాగా పైకీ కిందకీ ఆడుతున్నాయి. దిగగానే నేను నీళ్ళు కూడా ఇవ్వలేదు. కూర్చోబెట్టి చిప్ప కింద బొటనవేలితో నొక్కాను.

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదమ్మా. నువ్వు నొక్కితే కొత్తగా వచ్చేట్టుంది. వదులు."

ఎంపిక సంగతి అడుగుతారని తెలుసు. జట్టులోకి తీసుకోలేదు. దానికి ముందు నెల రోజులు నెమ్మదిగా తొక్కిన మనిషి, గట్టిగా తొక్కినవాళ్ళతో ఎట్లా నెగ్గుతుంది? తిరిగొచ్చి రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు వచ్చే ఏడాది పోటీలకి ఇప్పట్నుంచే ఎట్లా తొక్కాలో కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చుంది. వచ్చే ఏడాది అనే మాట దాని నోట విన్నాను, నాకంతే చాలు.

నేను చెప్పదలుచుకున్నది డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళిన రోజు గురించి. ఎంపికకి వారం ముందు. ఆయన కాలు మడిచి చూసి, కుర్చీలో నుంచి పదిసార్లు లేచి కూర్చోమన్నారు. లేచింది, కూర్చుంది.

"మందులు బాగా పనిచేసినయ్యి," అన్నారు.

"మందులు వేసుకుందండి. రాడ్లు కూడా మార్చా. పోయినసారి సైకిల్లో లోపం లేదని చెప్పా, అది తప్పు. లోపం నేనే చేశా," అన్నాను.

ఆయన కలం ఆపి, ఏం మార్చారో చెప్పమన్నారు. నేను చేతులతో చూపించాను, తొడ మీద అరచెయ్యి పెట్టి చూపించాను. ఆయన తన మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు పైకీ కిందకీ ఆడించుకున్నారు.

"సైకిలు మానక్కర్లేదమ్మా. మెల్లగా పెంచుకోమనండి," అన్నారు.

అమ్మాయి స్కూలుకి వెళ్ళిపోయింది. నేను బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చి, షట్టరు తీసి, పాత టైర్లు పరిచి ఒక్క నిమిషం నడుం వాల్చాను. ఎండ మంచి పట్టులో ఉంది. కళ్ళు తెరిచేసరికి ఎండ గోడెక్కింది. ఎవరో వచ్చి నన్ను లేపకుండా తమ టైరుకి తామే గాలి కొట్టుకుని పోయారు. పంపు నా తల పక్కనే పెట్టి వెళ్ళారు. ఆ వేసవి నుంచి రాత్రిళ్ళు కునుకు పట్టని నాకు ఆ శబ్దానికి కూడా మెలకువ రాలేదు.